నాన్న ఫొటో ఏది పెట్టాలి? ఇంట్లో పది రోజులుగా మాటల్లేవు

కాజాల_పాప
వచ్చే పుష్యానికి మా నాన్న పోయి ఏడాది. సంవత్సరీకానికి ఫొటో పెద్దది చేయించి ఫ్రేం కట్టించాలి. ఏ ఫొటో అన్న దగ్గరే ఆగిపోయినాం. అమ్మకీ అన్నయ్యకీ మాటల్లేవు. ఆమె ఇటు, ఆయన బెంగళూరులో అటు, మధ్యలో ఫోన్ మోసేది నేను.

అన్నయ్య అడిగేది 2006లో స్టూడియోలో తీయించుకున్న ఫొటో. అప్పుడు నాన్నకు నలభై నాలుగు. నల్ల కోటు, సన్న మీసం. ఆ కోటు కూడా ఆయన కుట్టుకున్నదే. అమ్మ అడిగేది 2019లో నేను ఫోన్‌లో తీసింది. మెడలో టేపు, గుండీలు ఒకటి కింద ఒకటి తప్పు కాజాల్లో, గడ్డం సగం గీసి సగం వదిలేసి, అద్దం ముందు నిలబడి నవ్వుతున్నాడు. నాన్నకు యాభై ఒకటో ఏట అల్జీమర్స్ మొదలైంది. ఆ ఫొటో నాటికి ఆరేళ్లు గడిచినాయి.

"జబ్బుమనిషిని గోడకెక్కిస్తే వచ్చినోళ్లంతా అయ్యో పాపం అనుకుని పోతారు" అని అన్నయ్య. "అయితే ఆ పదకొండేళ్లు నేను అన్నం తినిపించింది ఎవురికి?" అని అమ్మ.

నాన్న టైలర్. తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందులో ఇరవై ఆరేళ్లు షాపు నడిపినాడు. మీ ఇళ్లల్లో ఇట్లాంటిది వచ్చి ఉంటే ఏం చేశారో చెప్పండి. ఆయన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. మా పిల్లలకు జబ్బు తాత తప్ప ఇంకో తాత తెలియదు. గుర్తు ఏమిటంటే, చొక్కా బట్ట ఏ రంగైనా సరే, అన్నిటికన్నా కింది గుండీ మాత్రం ఆకుపచ్చ దారంతో కుట్టేవాడు.

సంగటి_ముద్ద
కోటు ఫొటో. ఇందులో ఆలోచించేదేముంది? మనిషి బాగున్నప్పటి రూపం పెట్టడం మన దగ్గర మామూలే కదా. మా జేజి తొంభై ఏళ్లకు పోయింది, గోడ మీద మాత్రం యాభై ఏళ్ల జేజి ఉంది.

రెండో_ఘాట్
@సంగటి_ముద్ద మీ జేజికి యాభై ఏళ్ల ఫొటో తప్ప ఇంకోటి లేక పెట్టి ఉంటారు, అది వేరే సంగతి 😀

నాకైతే అమ్మ చెప్పిందే సరి అనిపిస్తుంది. గోడ వైపు రోజూ చూసేది ఆమె.

నాలుగుకాళ్ల_మండపం
ఆకుపచ్చ దారం! సందు చివర, మూడు మెట్లెక్కితే ఎడమ పక్క షాపేనా? లోపల నిలువుటద్దం, అద్దానికి పైన ఒక మూల పగులు. నేను ఇంటర్‌లో ఉండగా తొలి ప్యాంటు అక్కడే కుట్టించుకున్నాను. కొలతలు తీసేటప్పుడు ఒక్క మాట మాట్లాడడు, నోట్లో సుద్దముక్క. అన్నీ అయినాక "ఇంకా పెరుగుతావు, రెండంగుళాలు లోపలికి మడిచి పెడతా, వచ్చే ఏడు తెచ్చుకో" అన్నాడు. నిజంగానే వచ్చే ఏడు తీసుకుపోయినా. విప్పి ఇచ్చినాడు, డబ్బులు తీసుకోలేదు.

కాజాల_పాప
అదే షాపు! అద్దం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పగులూ ఉంది.

తిరుచానూరు_అల్లుడు
తప్పుగా అనుకోవద్దమ్మా. జబ్బు పేరు ఇట్లా నలుగురిలో రాయకుండా ఉంటే మంచిది. ఇది వంశంలో వస్తుందంటారు. మీ ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలు ఉంటారు. అందుకే మీ అన్న కోటు ఫొటో అంటున్నాడేమో, ఆయన మాటలోనూ అర్థం ఉంది.

కాజాల_పాప
@తిరుచానూరు_అల్లుడు పెళ్లి కావలసిన పిల్ల ఆరో తరగతి చదువుతోంది, ఇంకా టైముంది.

దాచిపెట్టడం మేము చేసి చూసినాం అన్నా. మొదటి రెండేళ్లు చుట్టాలకు "షుగర్ ఎక్కువైంది" అని చెప్పినాం. దానివల్ల జరిగింది ఏంటంటే, నాన్న ఒక పెళ్లిలో రెండుసార్లు భోజనానికి కూర్చుంటే అందరూ తిండిపోతు అన్నారు.

రాత్రి_డ్యూటీ
నర్సుని. వంశం మాట వచ్చింది కాబట్టి కొంచెం చెప్తాను.

చిన్న వయసులో వచ్చే అల్జీమర్స్ అంటే అరవై అయిదుకు ముందు మొదలయ్యేది. అందులో కొన్ని కుటుంబాల్లో మాత్రం ఒకే ఒక్క జన్యు మార్పు వల్ల తరం తరువాత తరం వస్తుంది. ఆ జన్యువులు మూడు: ఏపీపీ, ప్రిసెనిలిన్ 1, ప్రిసెనిలిన్ 2. అట్లాంటి మార్పు ఉన్న తండ్రికో తల్లికో పుట్టిన ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. కానీ చిన్న వయసులో వచ్చినవాళ్లలో కూడా ఈ రకం తక్కువ మందే. కాజాల_పాపా, మీ తాత, జేజి ఎట్లా పోయినారు?

ఇంకోటి. దీన్ని "ముసలి జబ్బు" అనేవాళ్లకు ఒక సంగతి. ఆల్జైమర్ అనే జర్మన్ డాక్టరు మొదట చూసిన పేషెంటే యాభై ఒక్కేళ్ల ఆడమనిషి. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేర్చారు. ఆమె 1906లో పోయినాక మెదడు కోసి చూసి రాసినాడు. అంటే ఈ జబ్బు మొదట కనిపించిందే నడివయసు మనిషిలో.

కాజాల_పాప
తాత ఎనభై నాలుగేళ్లకు పోయినాడు, పోయే ముందు రోజు కూడా ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో చెప్పినాడు. జేజీ అంతే. నాన్న వైపు ఇంకెవరికీ లేదు. డాక్టరు కూడా మీరు చెప్పినట్టే చెప్పి, ఊరికే భయపడి టెస్టుకు పరిగెత్తొద్దు, చేయించుకోవాలంటే ముందు కౌన్సెలింగ్‌కు పోండి అన్నారు. నేను చేయించుకోలేదు. తాళంచెవులు ఎక్కడ పెట్టానో మరిచిపోయినప్పుడల్లా టెన్షన్ మాత్రం ఉంటుంది.

బొగ్గు_వేషం
నాకు గుర్తున్నది గంగమ్మ జాతర! జాతరకు వారం ముందు నుంచి ఆ షాపులో మగాళ్ల క్యూ. మొక్కు ఉన్నోళ్లంతా ఆడవేషానికి జాకెట్లు కుట్టించుకునేది అక్కడే. మా మామకు ఛాతీ నలభై నాలుగు, మీసం జానెడు. మీ నాన్న నవ్వకుండా "చేతులు పొట్టివా, మోచేతి దాకానా?" అని అడిగితే మామ సిగ్గుతో చచ్చినాడు. ఎర్ర జాకెట్, బంగారు అంచు. మామ ఇంకా దాచిపెట్టుకున్నాడు, అత్తకు కూడా ఇవ్వడు.

నాలుగుకాళ్ల_మండపం
😂😂 మీ మామ జాకెట్ ఫొటో పెట్టండి

బొగ్గు_వేషం
మామ ఇక్కడ మెంబరే. నన్ను చంపుతాడు.

కాజాల_పాప
ఆడవేషం జాకెట్లకు నాన్న కూలి తీసుకునేవాడు కాదు, అమ్మవారి పని అని. జాతర మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మా నాన్న నోట చిన్న తిట్టు కూడా ఎప్పుడూ వినలేదు మేము. జబ్బు ముదిరినాక ఒక్కసారిగా బూతులు మొదలైనాయి. స్నానం చేయించేటప్పుడు మరీ. వీధిలోకి వినిపించేది. అమ్మ సిగ్గుతో కిటికీలు మూసేది. పక్కింటి పెద్దామె ఒకరోజు వచ్చి "మూయొద్దులే, జాతరలో ఇంతకన్నా పెద్దవే విన్నాం, అమ్మవారే ఏమీ అనుకోదు" అంది. ఆ రోజు నుంచి కిటికీలు తీసే ఉంచినాం.

పాకాల_జంక్షన్
కొత్తగా చేరినాను. ఫొటో గురించి కాదు, అడగొచ్చో లేదో తెలియదు. మా ఆయనకు యాభై నాలుగు. లెక్కల మనిషి, ఇప్పుడు చిల్లర లెక్కపెట్టలేకపోతున్నాడు. అడిగిందే అడుగుతాడు. ఒక డాక్టరు మానసిక ఒత్తిడి అని మాత్రలు రాసిచ్చి ఎనిమిది నెలలైంది. మీ నాన్నకు మొదట్లో ఎట్లా ఉండింది అక్కా?

కాజాల_పాప
@పాకాల_జంక్షన్ అడగొచ్చు.

మాకు మొదట తెలిసింది మరుపుతో కాదు. చేతులతో. 2013లో ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించినాడు. ముప్పై ఏళ్లు కత్తెర పట్టిన మనిషి. తర్వాత ప్యాంటుకు జేబు బయటివైపు. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట. కళ్లజోడు మార్చినాం, రెండుసార్లు. గిరాకీ తగ్గింది. తాగుడు మొదలుపెట్టినాడని సందులో అనుకున్నారు. ఒక రాత్రి షాపు మూసి ఇంటికి రాలేదు, వెతికితే నాలుగుకాళ్ల మండపం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏ పక్కకు పోవాలో తెలియలేదంట. పుట్టి పెరిగిన ఊరు!

మాకూ మొదట డిప్రెషన్ అనే చెప్పారు, రెండేళ్లు ఆ మందులే. మధ్యలో చుట్టాలు గాలి సోకిందని తాయెత్తు కట్టించినారు. చివరికి 2015లో న్యూరాలజిస్టు దగ్గరికి పోయినాం. కాగితం మీద గడియారం గీయమన్నారు. గుండ్రం బాగా గీసినాడు, టైలర్ కదా, కంపాస్ అక్కర్లేదు. అంకెలన్నీ ఒక పక్కనే కుప్ప పోసినాడు. నేను అక్కడే ఏడ్చేసినా. నాన్న నా వైపు చూసి "ఏం పాపా, మార్కులు తక్కువ వచ్చినాయా?" అన్నాడు.

రాత్రి_డ్యూటీ
@పాకాల_జంక్షన్ ఆలస్యం చేయకండి, న్యూరాలజీ చూపించండి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి పోతారు, బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. బీ12, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేస్తారు. అవి తగ్గినా మతిమరుపు వస్తుంది, వాటికి మందుంది. అల్జీమర్సే అని ముందే అనుకోవద్దు. డిప్రెషన్ వల్ల కూడా ఇట్లా ఉండొచ్చు, ఇప్పుడున్న మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

తిరుచానూరు_అల్లుడు
సరస్వతి ఆకు రోజూ పరగడుపున తినిపిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుంది. పెద్దవాళ్లు చెప్పిందే.

కాజాల_పాప
మా అమ్మ మూడేళ్లు సరస్వతి ఆకు పచ్చడి చేసింది అన్నా. నాన్నకు పచ్చడి నచ్చింది. అంతే.

బెల్లం_మండి
చిత్తూరు నుంచి. కొత్త ఇంజెక్షన్ వచ్చిందంటున్నారే, జబ్బును ఆపేది?

రాత్రి_డ్యూటీ
లెకానెమాబ్ గురించి అడుగుతున్నట్టున్నారు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఆపదు, కొంచెం నెమ్మది చేస్తుంది, అదీ మొదటి దశలో ఉన్నవాళ్లకే. మెదడులో వాపు, రక్తం చిమ్మడం లాంటివి రావచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐ తీస్తూ ఉండాలి. మామూలుగా ఇచ్చే డోనెపెజిల్, మెమాంటిన్ కూడా జబ్బును ఆపేవి కావు, కొంతకాలం లక్షణాలను కాస్త అదుపులో పెడతాయి.

బెల్లం_మండి
@పాకాల_జంక్షన్ మందుల సంగతి వాళ్లు చెప్పినారు, నేను కాగితాల సంగతి చెప్తా. మా నాన్న మండిలో గుమాస్తా, ఆయనకు డెబ్భైలో వచ్చింది. మేము చేసిన తప్పు మీరు చేయొద్దు. ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే బ్యాంకు అకౌంట్ ఇద్దరి పేర్లతో ఐదర్ ఆర్ సర్వైవర్, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయగలిగేట్టు, చేయించండి. నామినీలు చూసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని ధీమాగా కూర్చున్నాం. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ పవర్ కూడా పోతుందని తర్వాత లాయరు చెప్పినాడు. మా నాన్న డబ్బు మా నాన్న మందులకు తీయడానికే కోర్టు మెట్లెక్కినాం. మీరు ఈ వారమే లాయరును కలవండి.

పాకాల_జంక్షన్
రాసుకున్నాను అన్నా. ఏడుపు వస్తోంది కానీ రాసుకున్నాను.

సంగటి_ముద్ద
ఒక మాట అడుగుతా, కోపగించుకోవద్దు. అన్నేళ్లు ఇంట్లోనే పెట్టుకుని చూసే బదులు ఎక్కడైనా హోంలో చేర్చి ఉంటే మీ అమ్మకైనా సుఖం ఉండేది కదా?

రెండో_ఘాట్
ఈయన అడిగే టైము చూడండి.

కాజాల_పాప
లేదులే రెండో_ఘాట్ అన్నా, న్యాయమైన ప్రశ్నే. అన్నయ్య కూడా అడిగినాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కనీసం పగలు చూసుకునే మనిషిని ఒకరిని ముందే పెట్టి ఉండాల్సింది. అమ్మ మోకాళ్లు ఆ ఏళ్లల్లోనే పోయినాయి. ఇంట్లో చూసుకున్నాం అని గొప్పగా చెప్పుకోను నేను.

కానీ ఇంట్లో ఉండబట్టి చూసినవి ఉన్నాయి. షాపు ఖాళీ చేసి అద్దం ఇంటికి తెచ్చినాం. ఈ జబ్బులో అద్దంలో మనిషిని చూసి భయపడతారు, గుడ్డ కప్పండి అని డాక్టరు చెప్పినారు. కప్పితే నాన్న లాగేసినాడు. ఆయనకు అద్దంలో కనిపించింది గిరాకీ! "రాండి రాండి" అంటాడు. టేపు తీసి అద్దానికి పెట్టి కొలతలు తీస్తాడు, అంకెలు చెప్తాడు, అమ్మ కొలతల పుస్తకంలో రాసుకోవాలి. రాయకపోతే కోపం. రెండేళ్లు రోజూ ఒకటే గిరాకీ. పుస్తకంలో నూటికి పైగా పేజీలున్నాయి, అన్నీ మా నాన్న కొలతలే. మొదట నడుము ముప్పై ఆరు, చివర్లో ఇరవై ఏడో ఏదో. మందుల చీటీలకన్నా అందులోనే ఆయన తగ్గిపోవడం బాగా తెలుస్తుంది.

సాయంత్రం అయిదైతే "ఇంటికి పోతా" అని పట్టు. ఇదే ఇల్లు నాన్నా అంటే కొట్టబోయేవాడు. చివరికి అమ్మే కనిపెట్టింది: సరే పోదాం పద అని చెప్పులు వేసి, కోనేటి గట్టు దాకా నడిపించి, టీ తాగించి, వెనక్కి తెస్తే "అమ్మయ్య, ఇల్లొచ్చింది" అనేవాడు. చలికాలంలో ముందర చాట పెట్టి అనపకాయలు పోస్తే సాయంత్రమంతా కదలడు. గింజ నానబెట్టి ఇస్తే ఒక్కొక్కటే పితికేవాడు. వేళ్లకు అది తెలుసు. వీధి మొత్తానికి పితికిపప్పు మా ఇంట్లోంచే పోయేది.

కరోనాలో మాస్కులు చూసి మమ్మల్ని దొంగలనుకున్నాడు. ఆ తర్వాత మంచం. మింగడం కష్టమైంది, పోయిన పుష్యంలో నిమోనియా.

అడ్మిన్_కొండదారి
ఫొటో ప్రశ్నతో మొదలైన చర్చ చాలా దూరం పోయింది. అయినా పర్లేదు, ఉండనివ్వండి. వైద్య సలహాలు మాత్రం డాక్టరును అడిగే పాటించండి.

నాలుగుకాళ్ల_మండపం
ఆకుపచ్చ దారం ఎందుకో తెలుసా మీకు? నేను అడిగినాను అప్పట్లో. రిపేరుకు వస్తే తను కుట్టిందో కాదో తెలియాలని, తనదైతే డబ్బులు తీసుకోకూడదని.

బొగ్గు_వేషం
కాదు కాదు. కింది గుండీ నుంచి మొదలుపెట్టి పైకి పెట్టుకుంటూ పోతే తప్పు కాజా పడదంట. అందుకు గుర్తు. మామకు చెప్పినాడు.

కాజాల_పాప
నాకు చెప్పింది, ఆకుపచ్చ రీలు ఎవరూ కొనక మిగిలిపోయిందని!! ఏది నిజమో ఇక తేలదు.

బాలాజీ_కాలనీ_పాతకాపు
మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఉండినాను.

రెండు ఎడమ చేతుల చొక్కా నాది. 2013, మా అమ్మాయి నిశ్చితార్థానికి ఇచ్చిన గోధుమరంగు బట్ట. వేసుకుని చూస్తే కుడి చెయ్యి వెనక్కి తిరిగి ఉంది. గుండీలన్నీ ఆకుపచ్చ దారంతోనే, కిందిది ఒక్కటే కాదు. షాపులో నలుగురున్నారు. "పొద్దున్నే తాగి కూర్చున్నావా?" అని అడిగినాను. ఆయన ఏమీ అనలేదు. చొక్కా వైపు చాలాసేపు చూసి, నేనిచ్చిన కూలి తిరిగిచ్చేసి, బట్ట డబ్బులు కూడా లెక్కపెట్టబోయినాడు. లెక్క కుదరక మొత్తం నోట్లు నా చేతిలో పెట్టేసినాడు. నేను తీసుకుని వచ్చేసినాను. మళ్లీ పోలేదు. చొక్కా ఈరోజు అటక మీద ట్రంకులో దొరికింది.

కాజాల_పాప
సార్, అమ్మకు చదివి వినిపించినాను. ఆ రోజు ఆమెకు గుర్తుంది. మధ్యాహ్నమే షాపు మూసేసి వచ్చి, అన్నం ముందు కూర్చుని "నాకేదో అయింది" అన్నాడంట. మొదటిసారి ఆయన నోటితో చెప్పింది అదే. మిమ్మల్ని ఏమీ అనలేదు. ఆ చొక్కా చేయి ఎట్లా తప్పిందో చూసుకోవాలని కాగితం కత్తిరిస్తూ రాత్రంతా కూర్చున్నాడంట.

భుజం_పద్దెనిమిది
నేను కాజాల_పాప అన్నని. చెల్లెలు లింకు పంపింది. ఈ చొక్కా సంగతి నాకెవరూ చెప్పలేదు. 2012లో బెంగళూరు వచ్చేసినాను, అన్నీ ఫోన్‌లో విన్నవే.

అందరూ నేను పరువు కోసం కోటు ఫొటో అడుగుతున్నాననుకుంటున్నట్టుంది. అది కాదు. ఆ ఫొటో తీసేటప్పుడు నేను కెమెరా పక్కనే నిలబడి ఉన్నాను, టెన్త్ అయిపోయిన సెలవులు. నాన్న చూస్తున్నది నన్నే. రెండో ఫొటోలో మనిషికి నేనెవరో తెలియదు. ఆ సంక్రాంతికి వస్తే "ఎవరు కావాలయ్యా?" అని అడిగినాడు. ఆ ముఖాన్ని రోజూ చూడలేను, అంతే.

కాజాల_పాప
@భుజం_పద్దెనిమిది అన్నా, ఆ పేరు ఎందుకు పెట్టుకున్నావు?

భుజం_పద్దెనిమిది
ఆ రోజు టేపు పెట్టి చెప్పింది అదే కదా. ఎవరు కావాలని అడిగినాక. కొలవకముందే పద్దెనిమిది అన్నాడు, తర్వాత కొలిచినాడు.

కాజాల_పాప
ఫొటో తీసింది అప్పుడే. పెద్దది చేసి చూడు, అద్దంలో పగులు కింద నీ చొక్కా కనిపిస్తుంది.

సంగటి_ముద్ద
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

భుజం_పద్దెనిమిది
చూసినాను. శనివారం వస్తాను, అమ్మకు చెప్పు. ఫ్రేం కొలత నేను తీసుకుంటా, నువ్వు ఆర్డర్ ఇవ్వొద్దు.

బాలాజీ_కాలనీ_పాతకాపు
అమ్మా, చొక్కా తీసుకురావచ్చునా? ఇస్త్రీ చేయించి తెస్తాను. చేయి విప్పించి సరిచేయించమంటే అదీ చేయిస్తాను.

కాజాల_పాప
విప్పించొద్దు సార్. అట్లాగే తీసుకురండి. భోజనానికి ఉండాలి, పితికిపప్పు చేస్తోంది అమ్మ. బొగ్గు_వేషం, మీ మామను కూడా జాకెట్‌తో రమ్మనండి.

బొగ్గు_వేషం
అడిగినా. ఆయన వస్తాడంట. జాకెట్ ఇప్పుడు పట్టదంట, చేతిలో పట్టుకుని వస్తాడు.